దేవకమ్మ ఏమవుతుందని రాయాలి

"ఆమె నీకేమయితాది?"

దస్తావేజు లేఖరి తిరుమలయ్య కలం మూత తీయకుండానే అడిగాడు. 1983 ఆషాఢం. శుభకార్యాల నెల కాదు కనుక రిజిస్ట్రారు ఆఫీసు పక్కన రేకుల పంచలో జనం లేరు. అడగడంలో కుళ్ళేమీ లేదు. కాగితంలో ఆ మాట రాయాల్సిన చోటు ఒకటుంది, అందుకని అడిగాడు.

నగరిలో తన పేరనున్న చిన్న ఇంటిని దేవకమ్మకు రాసివ్వాలని నాగరత్నమ్మ వచ్చింది. ఇల్లు కుటుంబంలోవాళ్ళకు రాసిస్తే స్టాంపు ఖర్చు తక్కువ, పరాయివాళ్ళకు రాసిస్తే ఎక్కువ. పన్నెండు వేలు విలువ కట్టిన ఆ ఇంటికి ఒక దారిలో మూడువందల అరవై, ఇంకో దారిలో తొమ్మిదివందల అరవై. నాగరత్నమ్మ కొంగున నాలుగువందలున్నాయి. కాబట్టి దేవకమ్మ ఆమెకు ఏదో ఒకటి కావాలి.

"చెల్లెలా? వదినా? మేనత్త కూతురా? ఏదో ఒకటి చెప్పు తల్లీ. ఈడ ఖాళీ వదిలేదానికి ల్యా."

"రేపొచ్చి చెప్తా అన్నా."

"రేపటికి బంధుత్వం మారతాదా?" అని నవ్వాడు తిరుమలయ్య.

ఆమె నవ్వలేదు. యాభై రెండేళ్ళ మనిషి, నాలుగు మాటలు రాయగలదు, వారపత్రిక చదవగలదు. ఆ ప్రశ్నకు జవాబు ఆమె దగ్గర లేక కాదు. ఏడాది కిందటే దొరికింది. దొరికినప్పటి నుంచీ తలెత్తుకోలేకపోతోంది.

చేనేత కుటుంబాల జమాఖర్చుల సర్వే కోసం ఆ వీధికి పలుమార్లు వెళ్ళడం వల్ల నాకు తెలిసిన కథ ఇది. ఆమె చెప్పిన వరుసలో చెప్పడం లేదు. జరిగిన వరుసలో చెబుతున్నాను.

నాగరత్నమ్మకు మునెయ్యతో పెళ్ళయింది 1949లో. అతను లుంగీలు నేసేవాడు. ఒకటే మగ్గం. తెల్లవారగానే పడుగు నూలు వీధి పొడవునా సాచి గంజి పెట్టే పని ఆలుమగలిద్దరూ కలిసి చేసేవాళ్ళు. నూలుకు అటు అతను, ఇటు ఆమె, చేతుల్లో కుంచెలు, ఒకరి అడుగుకు ఒకరు అడుగు కలుపుతూ ఆ చివర నుంచి ఈ చివరకు. ఒకరు ముందు పోతే దారాలు అతుక్కుంటాయి. మునెయ్య గంజి వాసన తనకెంత ఇష్టమో ఆమె నాతో చెప్పినప్పుడు యాభై ఏడేళ్ళ మనిషి ముఖం ఎర్రబడింది. మగ్గం గుంటలో కూర్చున్న అతని వీపును వంటింట్లోంచి చూస్తూ పొయ్యి మీద అన్నం మాడబెట్టిన రోజులున్నాయట. పిల్లలు పుట్టారు, నిలవలేదు. అతను రెండో పెళ్ళి మాట ఎత్తలేదు.

దేవకమ్మ 1964లో వచ్చింది. తిరుత్తణి వైపు మనిషి. మాటలో సగం తమిళం. మొగుడు బెంగళూరుకు కూలికని పోయి మళ్ళీ కనబడలేదు. బతికున్నాడో లేదో తెలియదు కనుక ఆమె గాజులు, బొట్టు అలాగే ఉంచుకుంది. రాట్నం మీద నూలు కండెలు చుట్టడానికి మునెయ్య ఇంట్లో రోజుకూలికి చేరి, ఆ ఏటి వానలకు తానుండే గుడిసె పడిపోతే వెనక గదిలోకి మారింది. మళ్ళీ పోలేదు.

నూలు కొనడానికి మునెయ్య చిత్తూరు పోయిన ఒక మధ్యాహ్నం, కండెల గంప పక్కకు జరిపి దేవకమ్మ నాగరత్నమ్మ చేయి పట్టుకుంది. ఆమె విడిపించుకోలేదు. అంతకుమించి ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇరవై నాలుగేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్న ఇద్దరి గురించి ఇంకా వివరాలు కావాలనుకునేవాళ్ళకు కావలసింది కథ కాదు.

ఇలాంటి విషయం రాయగానే రెండు రకాల మంచివాళ్ళు బయలుదేరతారు. ఇదంతా అక్కచెల్లెళ్ళ ఆప్యాయత, పాడుగా చూడకండి అనేవాళ్ళు ఒకరు. పాపం మొగుడి వల్ల సుఖం లేక, పిల్లలు లేక ఇలా అయిందని జాలిపడేవాళ్ళు ఒకరు. ఇద్దరూ ఆమెకు ఒక మనసు మిగిల్చి ఇంకో మనసు తీసేస్తారు. చిత్రమేమిటంటే నాగరత్నమ్మ కూడా తనకు తాను అదే చేసుకుంది. మనిషికి మనసు ఒకటే కదా, అది దేవకమ్మ మీద ఉందంటే ఆయన మీద ఎప్పుడూ లేనట్టే అని లెక్క వేసుకుంది. తాను మునెయ్యకు పెళ్ళాం వేషం వేస్తున్న మనిషినని నమ్మింది. ఆ నమ్మకం ఆమెకు బాగా పనికొచ్చింది. వేషమే అయినప్పుడు అతనికి చేసే ద్రోహం చిన్నదవుతుంది.

ఆ ద్రోహం ఏమిటో చెప్పాలి.

ఇంట్లో ఒక మగవాడు, ఇద్దరు ఆడవాళ్ళు, అందులో ఒకరు ఎవరికీ ఏమీ కాని మనిషి. వీధి ఏమనుకుంటుంది? మునెయ్య దేవకమ్మను ఉంచుకున్నాడనుకుంది. టీ అంగడి దగ్గర అతన్ని "ఏమప్పా రెండు మగ్గాలోడా" అని పిలిచేవాళ్ళు. 1969లో కులపెద్దలు పిలిపించి నూటొక్క రూపాయి తప్పు వేశారు. అప్పుడు పెద్దమనిషి ఆదిమూలం. తప్పు కట్టాలి, లేకపోతే దేవకమ్మను పంపించెయ్యాలి.

మునెయ్య ఇంటికొచ్చి గుమ్మంలోనే కూర్చున్నాడు.

"ఆయమ్మను నేను తాకింది ల్యా, తలెత్తి చూసింది ల్యా. నేనెందుకు కట్టాల మే?"

"కట్టకుంటే పంపించెయ్యమంటారు గదా."

"పంపించేస్తే ఏం? యాడన్నా కండెలు చుట్టుకుంటాది."

"దిక్కులేని మనిషి యాడికి పోతాది? కట్టేసెయ్. దాంతో నోర్లు మూసుకుంటారు."

"సరే. నువ్వు నమ్మితే సాలు నాకు. నువ్వు నమ్మినావు గదా?" అన్నాడు.

"నమ్మినా" అంది నాగరత్నమ్మ.

అతన్ని నమ్మనక్కర్లేదు, అతను చేయలేదని ఆమెకు తెలుసు. ఆ ఇంటి ఆడవాళ్ళిద్దరికి తప్ప వీధిలో ఇంకెవరికీ తెలియదు. రెండు కట్టల లుంగీలు తక్కువకు అమ్మి మునెయ్య తప్పు కట్టాడు. నోళ్ళు మూతపడలేదు. డబ్బు కట్టాడు కాబట్టి చేసే ఉంటాడని రుజువైంది.

మీ ఇద్దరి సంగతి ఆయనకు తెలుసా అని నేను అడిగాను. "తెలీదు" అంది. మళ్ళీ తనే, "తెలీదనే అనుకుంటా ఉండా" అంది.

మునెయ్య 1974లో జ్వరమొచ్చి పన్నెండో రోజున పోయాడు. పోయిన పదో నాడు గాజులు పగలగొట్టే వేళకు వీధి ఆడవాళ్ళు నాగరత్నమ్మను కూర్చోబెట్టి, దేవకమ్మను కూడా వెనక గదిలోంచి చేయిపట్టి తీసుకొచ్చారు. ముందు నడిచింది ఎదురింటి సుబ్బులమ్మ. వాళ్ళ ఉద్దేశం మంచిదే. ఉంచుకున్నదైనా పదేళ్ళు వండిపెట్టింది, ఆమెకూ ఆ మర్యాద జరగాలన్నారు.

దేవకమ్మ నాగరత్నమ్మ వైపు చూసింది. కాదు అని ఒక్క మాట చాలు. దేవకమ్మ సొంత మొగుడు ఎక్కడో బతికే ఉండవచ్చు, ఆ గాజులు అతనివి. నాగరత్నమ్మ తల దించుకుంది. సుబ్బులమ్మ దేవకమ్మ రెండు చేతులూ పీట మీద పెట్టించి, పరాయి ఆడదాని మొగుడి పేర గాజులు పగలగొట్టింది. బొట్టు తుడిచింది.

తరువాత బావి దగ్గర చేతులు కడుక్కుంటూ దేవకమ్మే అంది: "పోనీలే అక్కా. మట్టిగాజులే గదా. అందరూ చూసినారు, ఇంక నన్ను ఈ ఇంట్లోంచి పొమ్మనేవాళ్ళు లేరు."

ఆ మాట నిజమైంది. తొమ్మిదేళ్ళు ఎవరూ ఏమీ అనలేదు. వీధికి ఇద్దరు విధవలు, ఒక పాత కథ. మునెయ్య పేరు ఆ ఇంటికి తలుపులా అడ్డం నిలబడింది.

ఇక తిరుమలయ్య అడిగినదానికి జవాబు దొరికిన సంగతి.

దేవకమ్మకు చదువు రాదు. ఆమె కండెలు చుడుతుంటే పక్కన కూర్చుని నాగరత్నమ్మ వారపత్రిక చదివి వినిపించేది. బస్టాండు అంగట్లో వారం ఆలస్యంగా సగం ధరకు వచ్చే పత్రిక. సీరియలు, వంటలు, వారఫలాలు, చివర డాక్టరు సలహాలు. దేవకమ్మకు డాక్టరు సలహాలంటే ఎక్కువ ఇష్టం, ఊళ్ళోవాళ్ళ రోగాలన్నీ అందులో ఉంటాయని. 1982 వేసవిలో ఒక పగటిపూట నాగరత్నమ్మ ఎవరో రాసిన ప్రశ్న చదవడం మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది.

"ఏం ఆపేస్తివి? సదువు."

"ఏం ల్యా. ఎవురో ఆడపిల్ల రాసింది."

"ఏం జబ్బు?"

"జబ్బు కాదు. ఆ పిల్లకు స్నేహితురాలి మీద మనసంట. బావ మీద గూడా మనసంట. నాకేమైందని అడిగింది."

రాట్నం ఆగింది.

"డాక్టరేమన్నాడు?"

నాగరత్నమ్మ గొంతు తగ్గించి చదివింది. కొందరికి ఆడవారి మీదా మగవారి మీదా ఆకర్షణ ఉంటుంది, రెండూ నిజమైనవే, దీనిని ద్విలైంగికత అంటారు, పెళ్ళి చేసుకుంటే సర్దుకుంటుంది.

"ఆమా, పేరుండాదా దానికి" అంది దేవకమ్మ. "పెండ్లయితే పోతాదంట. నీకు అయింది గదా. పోయిందా?"

"ఊరుకో మే."

"నాకూ అయింది. మా ఆయన పోయినాడు గాని అది పోలే."

దేవకమ్మ నవ్వుతూ రాట్నం తిప్పింది. నాగరత్నమ్మ పేజీ తిప్పి వంటలు చదివింది. వంకాయలో ఏం కూరారో ఆమెకు గుర్తు లేదు.

ఆ జవాబులో మిగతాదంతా చెత్త. వ్యాయామం చేయమనీ, పళ్ళు తినమనీ, మంచి పుస్తకాలు చదవమనీ కూడా ఉందట. ఆ పేరు కూడా మందుల సీసా మీది అక్షరాల్లా ఉంది, ఎవరినైనా నోరారా పిలుచుకోవడానికి పనికిరాదు. పేరు దొరికితే మనిషికి స్వేచ్ఛ వస్తుందని మా యూనివర్సిటీల్లో ఇష్టంగా చెప్పుకుంటాం. నాగరత్నమ్మకు వచ్చింది స్వేచ్ఛ కాదు. రెండూ నిజమైనవే అన్న ముక్క ఆమె గొంతులో ఇరుక్కుంది. రెండూ నిజమైతే మునెయ్య దగ్గర వేసింది వేషం కాదు. ఆ గంజి వాసన, మాడిన అన్నం, కుంచె పట్టుకుని అతని అడుగుకు అడుగు కలిపిన తెల్లవారుజాములు, అన్నీ నిజం. తాను మనసారా కోరుకున్న మనిషి చేత చేయని తప్పుకు డబ్బు కట్టించింది. అతను పోయాక కూడా అతని పేరు మీది నింద దించలేదు. ఇన్నాళ్ళూ తలదాచుకున్న సాకు ఒక్క వాక్యంతో పోయింది.

"ఆ పుస్తకం కొనకుండా ఉంటే పోయేది" అని నాతో అంది. ఊరికే అనలేదు. ఆ ఏడాదంతా మునెయ్య పటానికి తన చేత్తో పూలు పెట్టలేకపోయింది. దేవకమ్మను పెట్టమనేది.

దస్తావేజు అవసరం నారాయణ వల్ల వచ్చింది. అతను మునెయ్య అన్న కొడుకు. పుత్తూరులో లారీ బుకింగు ఆఫీసులో పని. 1983లో ఒకసారి వచ్చి కాఫీ తాగి, పెరడు అడుగులతో కొలిచి పోయాడు. పోతూ, "సిన్నమ్మా, నువ్వుండేంతవరకు నీ ఇష్టం. నీ తరవాత సిన్నాయన ఉంచుకున్నదాన్ని మేం మోసేదానికి కాదు" అన్నాడు. నాగరత్నమ్మకు అప్పటికే నడిస్తే ఆయాసం. తాను పోతే దేవకమ్మ వీధిలో ఉంటుంది. అందుకని తిరుమలయ్య దగ్గరికి పోయింది, జవాబు చెప్పలేక తిరిగొచ్చింది.

మర్నాడు దేవకమ్మను వెంటబెట్టుకుని వెళ్ళింది. సాక్షి కావాలంటే తిరుమలయ్యే ఆనాటి కులపెద్ద ఆదిమూలాన్ని పిలిపించాడు. ఆయనకు అప్పటికి డెబ్బై దాటాయి. ఎవరి దస్తావేజుకైనా సాక్షి సంతకం పెట్టి టీ తాగిపోవడం ఆయనకు అలవాటు.

తిరుమలయ్య చిత్తు చదివి వినిపించాడు. అడిగి లాభం లేదని, ఆదిమూలాన్ని కనుక్కుని తనే ఉపాయం చేశాడు. దేవకమ్మ 'నా భర్త కీర్తిశేషులు మునెయ్య గారి రెండవ భార్య' అయింది.

"కుటుంబంలోకి వచ్చేసింది. మూడువందల అరవైతో పోతాది. మీ వీదోళ్ళు కాదనేదానికి ల్యా, గాజులు తీసింది అందరూ చూసినారంట గదా" అన్నాడు సంతోషంగా.

నాగరత్నమ్మ వేలిముద్ర వేయనక్కర్లేదు, సంతకం చేయగలదు. కలం చేతికి తీసుకుంది కూడా. ఇల్లు నిలబడుతుంది, నారాయణ నోరు మూతపడుతుంది, కొంగున ఉన్న డబ్బు సరిపోతుంది. మునెయ్య ఎలాగూ లేడు.

ఆదిమూలం తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. "సూస్తివా తిరుమలయ్యా. ఆ పొద్దు మేం తప్పు ఏస్తే మునెయ్య ఎంత గింజుకున్నాడో. నాకేం తెలీదు నాకేం తెలీదు అని ఒకటే ఏడుపు. నాకే అనుమానమొచ్చింది, అన్యాయం జేసినామేమో అని. ఇప్పుడు పెండ్లామే కాయితం మీద పెట్టింది. నా మనసు తేలికయింది పో."

నాగరత్నమ్మ కలం కింద పెట్టింది.

"ఏడ్చినాడా?" అంది.

"ఏడ్సక? నా కాళ్ళు పట్టుకున్నాడు."

మునెయ్య ఇంట్లో చెప్పని సంగతి అది. తిరుమలయ్య సిరాబుడ్డి ముందుకు జరిపాడు.

"కొట్టెయ్ అన్నా ఆ మాట."

"ఏ మాట?"

"రెండో పెండ్లాం అనేది. ఆయన ఈమెను ముట్టలేదు."

ఆదిమూలం నవ్వాడు. "నీకెట్ల తెలుసు మే?"

"నాకు తెలుసు."

"మరి పందొమ్మిదేండ్లు మీ ఇంట్లో ఎవురి కోసరం ఉండె ఈమె?"

"నా కోసరం."

గొంతు పెద్దగా లేదు. కానీ పంచలో నలుగురే ఉన్నారు, నలుగురికీ వినబడింది. ఆదిమూలం మొదట అర్థం కానట్టు చూశాడు. తరువాత దేవకమ్మ ముఖం చూశాడు. ఆమె చీర చెంగు పళ్ళతో పట్టుకుని గోడవైపు తిరిగింది. అర్థమైనట్టుంది. తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని, టీ తాగకుండా, సంతకం పెట్టకుండా లేచి వెళ్ళిపోయాడు.

తిరుమలయ్య కాగితం నాలుగు మడతలు పెట్టి చించాడు. నాకు నచ్చిన మనిషి అతను. వృత్తిలో వెయ్యిమంది సంసారాలు చూశాడు, ఉపదేశం చేసే అలవాటు పోయింది. "అట్లయితే పరాయి కింద రాయాల. ఏ బంధుత్వమూ లేనట్టి అని రాయాల. ఇంకో ఆరునూర్లు కావాల. ఉండాదా?" అన్నాడు.

"ల్యా."

"నేను ఏస్తా. నెలకింత ఇచ్చుకో. బంధుత్వం ఏమీ లేదనే గదా రాసేది?"

ఆమె తలూపింది. అది ఇంకో సిగ్గు. ఒకరి పేరు కడగాలంటే ఇంకొకరిని ఏమీ కానిదని సంతకం చేయాలి. డాక్టరు చెప్పిన మాటకు ఏ దస్తావేజులోనూ చోటు లేదు. ఉన్నా ఆమె రాయించేది కాదు. సాక్షిగా పక్క పంచలోని స్టాంపుల అమ్మకందారు సంతకం పెట్టాడు.

ఇంటికొచ్చాక దేవకమ్మ కాగితం చదివి వినిపించమంది. నాగరత్నమ్మ చదివింది, నాకు ఏ బంధుత్వమూ లేనట్టి దేవకమ్మకు అన్నచోట ఆగకుండా.

"తొమ్మిదినూర్ల అరవై ఇచ్చి నన్ను పరాయిదాన్ని జేసినావు" అంది దేవకమ్మ. "మూడునూర్ల అరవైకి సవితినన్నా అయ్యుంటా."

ఇద్దరూ నవ్వారట. తరువాత రెండు రోజులు దేవకమ్మ మాట్లాడలేదట.

ఆదిమూలం ఊరంతా చెప్పాడు. కొళాయి దగ్గర ఆడవాళ్ళు నాగరత్నమ్మ బిందె తమ బిందెలకు తగలకుండా జరుపుకోవడం మొదలుపెట్టారు. సుబ్బులమ్మ మాటలు మానేసింది. పిల్లలు గోడ మీద బొగ్గుతో ఏదో రాశారు, దేవకమ్మ సున్నం కొట్టింది. ఒక్క సంగతి మాత్రం నాగరత్నమ్మ ప్రత్యేకంగా చెప్పింది: టీ అంగడి దగ్గర ఎవరో పాత అలవాటులో మునెయ్య పేరెత్తితే, ఆదిమూలమే "ఆయప్పనేం అనాకండి అబ్బా, ఆయప్ప తప్పేం ల్యా" అన్నాడట. ఆ మాట తన దాకా వచ్చిన రోజు ఆమె పటానికి పూలు పెట్టబోయి, చేతులు రాక దేవకమ్మకే ఇచ్చింది.

నాతో మాట్లాడినంతసేపూ ఆమె నా ముఖం చూడలేదు. "ఆయనకు తెలిసేతట్టు చెప్పాల్సింది నేను. ఆయన పోయినాక వీధికి చెప్పినా" అంది. దేవకమ్మ వెనక నుంచి రాట్నం ఆపకుండా, "ఇంక సాలు, కాఫీ సల్లారిపోతాది" అంది.

ఇల్లు దేవకమ్మ పేరుకు మారింది. తువ్వాళ్ళ అంచులు కుట్టే పని మీద నాగరత్నమ్మ నెలకు పదిచొప్పున కడుతోంది, కొన్ని నెలలు కట్టలేదు. 1988 ఉగాదికి తిరుమలయ్యకు ఇంకా నూటా నలభై రూపాయలు బాకీ.